ప్లానులో లేని నాలుగు కిటికీలు

ఇంగ్లండ్‌లో నా ఈడు మగవాళ్ళు నలుగురు చేరి చిన్నప్పటి కబుర్లలో పడ్డారంటే, ఎక్కడో ఒకచోట "గోల్డెన్‌ఐ" అన్న మాట రాక మానదు. 1995లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా గురించి కాదు వాళ్ళు మాట్లాడేది. ఆ సినిమా వచ్చిన రెండేళ్ళకు, 1997 ఆగస్టులో, నింటెండో 64 అనే కన్సోల్ మీద వచ్చిన "గోల్డెన్‌ఐ 007" ఆట గురించి. ఇంకాస్త చెవి ఒగ్గి వింటే, ఆ ఆటలో బాండ్ చేసే సాహసాల గురించి కూడా కాదని తెలుస్తుంది. ఒక టీవీ, దాని ముందు నలుగురు పిల్లలు, నాలుగు ముక్కలుగా చీలిన తెర, ఎవడు ఎవణ్ణి ఏ టాయిలెట్ గదిలో నక్కి కాల్చాడు... అదీ సంగతి.

ఈ జ్ఞాపకాల్లో నాకు వాటా లేదు. ఆ ఏడాది నేను ఆడుకున్నవి వేరు, వాటి గురించి కింద చెప్తాను. కానీ ఈ ఆట ఎలా తయారైందో చదవడం మొదలుపెట్టాక వదల్లేకపోయాను. కారణం ఒక్కటే. ఇంతమంది గుర్తుపెట్టుకున్న ఆ నాలుగు ముక్కల తెర అసలు ప్లానులో లేదు. రెండున్నరేళ్ళు నడిచిన పనిలో చివరి కొద్ది నెలల్లో, పైవాళ్ళకు చెప్పకుండా చేర్చిందది. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రిలీజు నెత్తిమీదికొచ్చాక "ఇంకొకటి చేరుద్దామా" అని ఎవరైనా నోరు జారితే ఆ మీటింగ్ ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసు. మరి అక్కడ అదెలా జరిగింది? చేసినవాళ్ళు ఏమయ్యారు?

ముందు మన వైపు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1997లో మా ఊళ్ళో మాకు తెలిసింది "టీవీ గేమ్". దాన్లో పెట్టేదాన్ని క్యాసెట్ అనేవాళ్ళం. సరిగ్గా పడకపోతే తీసి, ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చేవాళ్ళం. కాంట్రా, మారియో. ఆ పెట్టె 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో మొదటి తరం మెషీన్‌కి నకలని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. అంటే ఇక్కడి పిల్లలు నింటెండో కొత్త మెషీన్ ముందు కూర్చున్న ఏడాదిలో మేం అదే కంపెనీ పద్నాలుగేళ్ళ కిందటి మెషీన్ నకలు ముందు కూర్చున్నాం. కాంట్రాలో కూడా ఇద్దరం కలిసి ఆడేవాళ్ళం గానీ, ఇద్దరిదీ ఒకే తెర, ఒకే దారి. జలపాతం ఎక్కే స్టేజిలో ఒకడు తొందరపడి పైకి పోతే కింద ఉన్నవాడు తెర అంచున పడి చచ్చేవాడు. అక్కడే మొదలయ్యేవి గొడవలన్నీ. బాండ్ అంటే మాత్రం మాకు కొత్తేం కాదు. "గూఢచారి 116" 1966లోనే వచ్చింది, "జేమ్స్ బాండ్ 777" 1971లో. మా నాన్న దృష్టిలో అసలు బాండ్ కృష్ణగారే, మిగతావాళ్ళు తర్వాత.

ఇక అసలు కథకొద్దాం. నేనుండే లెస్టర్ నుంచి పడమరగా అరగంటా ముప్పావుగంటా కారులో వెళ్తే ట్వైక్రాస్ అనే చిన్న పల్లె వస్తుంది. ఇక్కడి తెలుగువాళ్ళలో పిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళూ అక్కడి జూకి ఒకసారైనా వెళ్ళే ఉంటారు. ఆ జూకి దగ్గర్లోనే మేనర్ ఫామ్ అని ఒక పాత పొలం ఇల్లు, దాని చుట్టూ ధాన్యపు కొట్టాలు. రేర్ అనే ఆటల కంపెనీ ఆ కొట్టాలనే ఆఫీసు గదులుగా మార్చుకుని పనిచేసేది. టిమ్ స్టాంపర్, క్రిస్ స్టాంపర్ అనే అన్నదమ్ముల కంపెనీ అది. ఎవరి కంటా పడకుండా పనిచేసుకోవడం వాళ్ళ అలవాటు. ఒక ఆట చేసే జట్టుకి ఒక కొట్టం, పక్క కొట్టంలోవాళ్ళు ఏం చేస్తున్నారో వీళ్ళకు తెలియనక్కర్లేదు. 1994లో వాళ్ళు చేసిన "డాంకీ కాంగ్ కంట్రీ" బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. నింటెండోకి వాళ్ళమీద గురి కుదిరింది. బాండ్ కొత్త సినిమాకి ఆట చేస్తారా అన్న మాట అలా వచ్చింది.

ఆ పని అడిగి మరీ తీసుకున్నవాడు మార్టిన్ హాలిస్. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్ చదివి రేర్‌లో చేరిన కుర్రాడు. అప్పటి పాత మెషీన్‌కి పక్కనుంచి కనిపించే మామూలు గెంతుడు ఆట ఒకటి చేస్తే సరిపోతుందనే ఆలోచన ఉండేది. కాదు, రాబోయే నింటెండో 64 మీద త్రీడీలో చేద్దామని హాలిస్ పట్టుబట్టాడు. 1995 మొదట్లో పని మొదలైంది. అతని జట్టులో చాలామంది అంతకుముందు ఒక్క ఆట కూడా చేసి ఎరుగరు. డేవిడ్ డోక్ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ పరిశోధన చేసి, అది వదిలేసి, రేర్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగంలో చేరాడు. అక్కణ్ణుంచి ఈ జట్టులోకి వచ్చాడు. సిస్టమ్ అడ్మిన్‌గా చేరినవాడు ఆట మిషన్లు రాయడానికి కూర్చోవడం, ఆ ఆటలోనే డాక్టర్ డోక్ అనే పాత్రగా తేలడం... ఇప్పటి హెచ్‌ఆర్ పద్ధతుల్లో ఇది ఊహకందదు.

ఇందులో ఒక తమాషా ఉంది. వాళ్ళు ఎవరికోసం ఆట రాస్తున్నారో ఆ మెషీన్ అప్పటికింకా పుట్టలేదు. సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళ ఖరీదైన కంప్యూటర్ల మీద పనిచేస్తూ, అసలు మెషీన్ ఎంత బరువు మోయగలదో ఊహించుకుంటూ పోయారు. కంట్రోలర్ కూడా లేదు. పోటీ కంపెనీ సెగా వాళ్ళ శాటర్న్ కంట్రోలర్‌ని కొంచెం మార్చి దాంతో పరీక్షించుకున్నారు. చివరికి అసలు మెషీన్ వచ్చాక చూస్తే గీసే వేగం బాగానే ఉంది గానీ, గోడలకీ నేలకీ అంటించే బొమ్మలు అందులో పట్టలేదు. వాటిని సగానికి సగం కుదించాల్సి వచ్చింది. రంగుల బొమ్మ కంటే నలుపు తెలుపు బొమ్మ తక్కువ చోటు పడుతుంది కాబట్టి చాలా గోడలు నలుపు తెలుపులోనే చేశారు. ఆటంతా ఆ బూడిదరంగు సోవియట్ వాతావరణం ఉంటుంది చూడండి, అందులో కొంత కళ, కొంత పిసినారితనం.

మొదటి ప్లాను కూడా వేరు. సెగా వాళ్ళ "వర్చువా కాప్" అని తుపాకీ పట్టి ఆడే ఆర్కేడ్ ఆట ఒకటుంది. అందులో మనం నడవం. కెమెరా పట్టాల మీద రైలులా తనే పోతుంది, ఎదురొచ్చినవాణ్ణి కాల్చడమే మన పని. గోల్డెన్‌ఐ కూడా అలాగే మొదలైంది. ఆ తర్వాత పట్టాలు తీసేసి మనిషిని స్వేచ్ఛగా తిరగనిచ్చారు. ఇది చిన్న మార్పు కాదు. పట్టాల మీద పోయే ఆటలో గది అంటే సినిమా సెట్టు. కెమెరాకి కనపడే పక్క కట్టుకుంటే చాలు. మనిషి తిరుగుతాడంటే నాలుగు గోడలూ కట్టాలి, వెనకవైపు తలుపు కూడా కట్టాలి.

ఆ కట్టడం ఎలా కట్టారన్నదే ఈ కథలో కీలకం అనుకుంటాను, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. బాండ్ సినిమా తీసింది లండన్‌కి ఉత్తరాన లీవ్స్‌డెన్‌లో. ఒకప్పుడు విమానాల ఇంజన్లు తయారుచేసిన రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీ అది. హ్యారీ పోటర్ సినిమాలు తర్వాత తీసింది కూడా అక్కడే. రేర్ జట్టువాళ్ళు ఆ సెట్ల మధ్య తిరిగి ఫొటోలు తీసుకున్నారు, నమూనా పటాలు తెచ్చుకున్నారు. వాటిని పట్టుకుని కార్ల్ హిల్టన్ తదితరులు ముందు భవనాలు కట్టేశారు. ఆటగాడు ఎక్కడ మొదలవుతాడు, ఎక్కడ ముగిస్తాడు, శత్రువులెక్కడ నిలబడతారు అనేవేవీ ఆ దశలో పెట్టుకోలేదు. భవనం భవనంలా ఉంటే చాలు. తర్వాత డోక్, డంకన్ బాట్‌వుడ్ వచ్చి ఆ కట్టిన చోట్లలో పనులు సర్దారు. ఇక్కడ కెమెరా పగలగొట్టు, అక్కడ కంప్యూటర్ నుంచి సమాచారం తియ్యి, ఫలానా మనిషిని బతికించు. దానివల్ల కొన్ని గదుల్లో ఏ పనీ ఉండదు. కొన్ని కారిడార్లు ఎక్కడికీ పోవు. మామూలుగా ఆటలు చేసేవాళ్ళు ఇలాంటివి వృథా అని కొట్టేస్తారు. కానీ నిజం భవనాలు అలాగే ఉంటాయి కదా. మొదటి మిషన్‌లో ఆనకట్ట మీద నిలబడి గురిపెట్టే తుపాకీ అద్దంలోంచి చూస్తే నీళ్ళ అవతల ఒక దీవి, దానిమీద ఒక కట్టడం కనిపిస్తాయి. అక్కడికి వెళ్ళే దారి లేదు. ఏదో చేద్దామనుకుని వదిలేసిన ముక్క. అక్కడికి చేరే రహస్యం ఉందని పిల్లలు ఏళ్ళ తరబడి వెతికారు.

ఒక్కరే ఆడే ఆట చాలా బాగుంటుంది. ఇరవై మిషన్లు, అందులో రెండు కష్టపడి గెలుచుకోవాల్సినవి. కష్టం స్థాయి పెంచితే శత్రువు గట్టిపడటమే కాకుండా చేయాల్సిన పనులు కూడా పెరుగుతాయి. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పంపించి ప్రతిసారీ వేరే పని చెప్పే ఈ పద్ధతి "సూపర్ మారియో 64" చూసి నేర్చుకున్నదని హాలిస్ చెప్పాడు. శత్రువు కాలికి తగిలితే కుంటుతాడు, చేతికి తగిలితే చెయ్యి పట్టుకుంటాడు. పెద్ద చప్పుడు చేస్తే పక్క గదిలోవాళ్ళు పరిగెత్తుకొస్తారు. కాపలావాళ్ళ మొహాలు చాలావరకు రేర్‌లో పనిచేసేవాళ్ళవే. కంట్రోలర్‌కి తగిలించే ఒక ముక్కను ఊడబీకి మళ్ళీ గుచ్చితే తుపాకీలో తూటాలు నిండేట్టు చేద్దామని కూడా అనుకున్నారట. నింటెండో ఒప్పుకోలేదు, మంచిదైంది.

నింటెండో నుంచి వచ్చిన ఒక ఫ్యాక్స్ సంగతి హాలిస్ 2015లో నాటింగ్‌హామ్‌లో ఒక సభలో చెప్పాడు. మారియోని సృష్టించిన షిగెరు మియమోటో పంపిన సలహాలవి. దగ్గరనుంచి చంపడం మరీ ఎక్కువగా ఉంది, ఇదంతా విషాదంగా ఉంది, ఆట చివర్లో బాండ్ ఆసుపత్రికి వెళ్ళి తను కాల్చినవాళ్ళందరితో చేతులు కలిపితే బాగుంటుందేమో అన్నది అందులో ఒకటి. అందరూ దీన్ని జోకులా చెప్పుకుంటారు. నాకు నవ్వు రాలేదు. హాలిస్ ఆసుపత్రి పెట్టలేదు గానీ ఊరుకోలేదు కూడా. చివర్లో పాత్రలన్నింటినీ నటీనటుల్లా ఒక్కొక్కరినే పరిచయం చేసే టైటిల్స్ పెట్టాడు. ఇది నాటకం, చచ్చినవాళ్ళెవరూ చావలేదు అని చెప్పడానికి. మన వీధి నాటకాల్లో చచ్చిన రాక్షసుడు లేచొచ్చి దణ్ణం పెట్టినట్టన్నమాట.

1997 వసంతానికి పరిస్థితి ఇది. సినిమా వచ్చి ఏడాదిన్నర అయిపోయింది. సినిమాతోపాటు ఆట రావాలన్న లెక్క ఎప్పుడో తప్పింది. ఐరోపాలో నింటెండో 64 అప్పుడే, మార్చిలో, దుకాణాల్లోకి వచ్చింది. ఆట దాదాపు తయారు. ఇద్దరూ ముగ్గురూ కలిసి ఆడుకునే ఏర్పాటు మాత్రం అందులో అసలు మొదలే కాలేదు. అప్పుడు స్టీవ్ ఎలిస్ అనే ప్రోగ్రామర్ కూర్చుని ఆ పని మొదలుపెట్టాడు. రేర్ యాజమాన్యానికిగానీ నింటెండోకిగానీ చెప్పలేదు, అడగలేదు. పనిచేసే స్థితికి వచ్చాక చూపించారు. వాళ్ళకు తెలియడం అదే మొదలు. ఈ మాట ఎలిస్ స్వయంగా తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఆట అప్పటికే ఆలస్యమైపోయింది కాబట్టి ముందు అడిగి ఉంటే జరిగేది కాదని కూడా.

ఒకే మెషీన్ నలుగురికి నాలుగు దృశ్యాలు చూపించడమంటే ఏమిటో కొంచెం చెప్పనివ్వండి. తెర మీద బొమ్మ గీయడంలో రెండు పనులుంటాయి. ఏ గోడ ఎక్కడుంది, ఇక్కణ్ణుంచి ఎలా కనిపిస్తుంది అని లెక్కగట్టడం మొదటిది. ఆ లెక్క ప్రకారం చుక్కలకు రంగు వేయడం రెండోది. తెరని నాలుగు కిటికీలుగా కోస్తే రంగు పని పెద్దగా పెరగదు, మొత్తం చుక్కలు అవే కదా. కానీ లెక్క పని ఒకటికి నాలుగుసార్లు చేయాలి, ఎందుకంటే నలుగురూ నాలుగు చోట్ల నిలబడి నాలుగు వైపులకు చూస్తున్నారు. అందుబాటులో ఉన్నది 93.75 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 4 మెగాబైట్ల మెమరీ. నలుగురాటలో కాపలావాళ్ళు ఉండరు కాబట్టి వాళ్ళ ఆలోచనలకయ్యే ఖర్చు మిగులుతుంది. అయినా ఒకేచోట రెండు పేలుళ్ళు జరిగితే బొమ్మ నత్తనడక నడుస్తుంది. ఎవరూ పట్టించుకోలేదు.

అయితే నాలుగు కిటికీల్లోంచి చూడటానికి ఒక చోటు కావాలి కదా. ఇక్కడే ఆ భవనాల సంగతి మళ్ళీ వస్తుంది. ఒక దారి కోసం కట్టిన చోటులో నలుగుర్ని వదిలితే అందరూ ఒకరి వెనక ఒకరు క్యూ కడతారు. చోటు చోటులా కట్టి ఉంటే, వెనక తలుపులూ పనికిరాని గదులూ ఉంటే, దాక్కోవడానికీ తరమడానికీ అదే సరిపోతుంది. "ఫెసిలిటీ" అనే రసాయన ఆయుధాల కర్మాగారం బాండ్ ఆటలోది. అందులో గాలిగొట్టంలోంచి టాయిలెట్ గదిలోకి దూకడం సినిమాలోంచి వచ్చింది. అదే గది నలుగురాటలో యుద్ధభూమి అయింది. నలుగురాట కోసమే విడిగా కట్టిన "కాంప్లెక్స్", "టెంపుల్" లాంటివి కొన్ని ఉన్నా, అందరి నోటా వినిపించేది ఫెసిలిటీయే. కాబట్టి ఎలిస్ కొద్ది నెలల్లో చేశాడన్నది నిజమే గానీ, ఆ కొద్ది నెలల వెనక రెండేళ్ళు ఉన్నాయి. అంతకుముందు కట్టినవాళ్ళు ఈ పని కోసం కట్టలేదు. అయినా పనికొచ్చింది.

ఈ కథని మా రంగంలో చాలామంది "పైవాడు అడ్డు లేకపోతే అద్భుతాలు చేస్తాం" అనే అర్థంలో చెప్పుకుంటారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. పైవాళ్ళు ఏడాదిన్నర ఆలస్యాన్ని భరించారు, పని ఆపేయమనలేదు. ఆట చేయడం కొత్తైనవాళ్ళను ఒక కొట్టంలో కూర్చోబెట్టి వాళ్ళ మానాన వదిలేశారు. కన్సోల్‌కి ముందువైపు నాలుగు ప్లగ్గులు పెట్టింది జపాన్‌లో నింటెండో ఇంజనీర్లు. అంతకుముందు చాలా కన్సోళ్ళలో రెండే ఉండేవి, నలుగురు ఆడాలంటే ఇంకో డబ్బా కొనాలి. పైగా రేర్‌లో ఆ రోజుల్లో పొద్దుపోయేదాకా పనిచేయడం మామూలు. చెప్పకుండా చేసిన పనికి గంటలు ఎక్కడినుంచి వచ్చాయంటే ఆ రాత్రుల్లోంచి వచ్చాయి. స్వేచ్ఛ అన్నప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలి కదా.

చివరి నిమిషంలో తీసేసినవి కూడా ఉన్నాయి. నలుగురాటలో నలుగురు బాండ్లు ఉండాలని మొదట పెట్టుకున్నారు. కానరీ, మూర్, డాల్టన్, బ్రాస్నన్. హక్కుల దగ్గర కుదరక తీసేశారు. తీసేముందు జట్టంతా ఆ నలుగురు బాండ్లతో చివరిసారి ఒక ఆట ఆడుకున్నారట. ఉంచినవాటిలో అడ్‌జాబ్ ఒకడు. పాత బాండ్ సినిమాలో టోపీ విసిరి చంపే విలన్. సినిమాలో మనిషి లావుగా, దిట్టంగా ఉంటాడు. ఆటలో ఎందుకో పొట్టివాడైపోయాడు. తుపాకీ గురి మామూలు మనిషి ఛాతీ ఎత్తుకి ఉంటుంది కాబట్టి తూటాలు అతని నెత్తిమీంచి పోతాయి. అతన్ని ఎంచుకోవడం మోసమేనని ఆట చేసినవాళ్ళే తర్వాత ఒప్పుకున్నారు.

నాకు ఈ ఆట ఎలా ఉంటుందో చేతులతో తెలియాలని, రెండేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్ షాపులో పాత మెషీన్ ఒకటి, నాలుగు కంట్రోలర్లు కొన్నాను. మూడు కొమ్ముల కంట్రోలర్ అది, ఎక్కడ పట్టుకోవాలో తెలియడానికే ఐదు నిమిషాలు పట్టింది. శనివారం సాయంత్రం మా వాళ్ళు ముగ్గురొచ్చారు. గుంటూరు జిల్లా బావ ఒకడు, ఇద్దరు వరంగల్ వైపువాళ్ళు. బిర్యానీ చల్లారిపోయింది. మొదటి పావుగంటలోనే "అరేయ్, నా కిటికీలోకి చూడకురా" అని అరుపులు. ఇదే ఈ ఆట గుట్టు. నలుగురి దృశ్యాలూ ఒకే తెర మీద ఉన్నాయి కాబట్టి ఎవడెక్కడ నక్కాడో అందరికీ కనిపిస్తుంది. పరీక్ష హాల్లో పక్కోడి పేపర్లోకి చూసినట్టు ఓరకంట చూడాలి, చూడలేదని ఒట్టేయాలి. గోడ గుర్తుపట్టకుండా నేలవంక చూస్తూ నడిచాడు మా బావ. ఇక్కడ పెరిగినవాళ్ళు కూడా చిన్నప్పుడు అదే చేసేవాళ్ళట.

మా తరం తెలుగు ఇంజనీర్లకు ఇలాంటి జ్ఞాపకం లేదని కాదు. హాస్టల్లో కంప్యూటర్లన్నీ ఒక స్విచ్‌కి తగిలించి తెల్లవారేదాకా కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్ళం. కానీ అక్కడ ఎవడి గది వాడిది, ఎవడి తెర వాడిది. తిట్లు గోడల మీదుగా వినిపించేవి. గోల్డెన్‌ఐలో భుజానికి భుజం తగులుతుంది, కాల్చినవాణ్ణి మోచేత్తో పొడవొచ్చు. తుపాకులన్నీ తీసేసి చేతిదెబ్బలతో మాత్రమే కొట్టుకునే పద్ధతి కూడా ఆటలో ఉంది. మేం ఎక్కువసేపు ఆడింది అదే.

ఆట 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. ఆ మెషీన్ మీద దీనికంటే ఎక్కువ అమ్ముడుపోయినవి రెండు మారియో ఆటలే. 1998లో బాఫ్టా అవార్డు వచ్చింది. సినిమా ఆట అంటే చీకేసిన టెంక అనే పేరుండేది, అది మారింది. కన్సోల్ మీద తుపాకీ ఆటలు ఆడలేం, దానికి కీబోర్డూ మౌసూ ఉండాల్సిందేనన్న మాట కూడా. అయినా తర్వాతి బాండ్ సినిమాకి రేర్ ఆట చేయలేదు. హక్కులు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికెళ్ళాయి. వాళ్ళు 1999లో తెచ్చిన "టుమారో నెవర్ డైస్" ఒక్కరే ఆడే ఆట. కోట్ల జనం దేనికోసం ఎగబడ్డారో అదే అందులో లేదు.

చేసినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. హాలిస్ 1998లో వెళ్ళిపోయాడు. ఎలిస్, డోక్, హిల్టన్, సంగీతం చేసిన గ్రేమ్ నార్‌గేట్ మరికొందరు 1999లో నాటింగ్‌హామ్‌లో ఫ్రీ రాడికల్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. "టైమ్‌స్ప్లిటర్స్" ఆటలు వాళ్ళవే. వాటిలో నలుగురాట మొదటిరోజు నుంచీ ప్లానులో ఉంది. 2009లో ఆ కంపెనీ క్రైటెక్ చేతికి పోయింది. 2014కల్లా మూతపడింది. 2021లో అదే పేరుతో ఎలిస్, డోక్ మళ్ళీ తెరిచారు. 2023 డిసెంబరులో అదీ మూసేశారు. రేర్‌ని 2002లోనే మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకు కొనేసింది. కొట్టాలు వదిలి అప్పటికే పెద్ద భవనంలోకి మారారు.

ఇక ఆట సంగతి. రాసిన కోడ్ రేర్‌ది, అంటే మైక్రోసాఫ్ట్‌ది. అచ్చేసి అమ్మింది నింటెండో. పాత్రలు బాండ్ సినిమా హక్కుదారులవి. వీళ్ళలో ఏ ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఆట బయటికి రాదు. 2007 ప్రాంతంలో రేర్ బొమ్మలన్నీ కొత్తగా గీసి ఎక్స్‌బాక్స్ కోసం దాదాపు పూర్తిచేసింది. ఒప్పందం కుదరక అటకెక్కించారు. 2021 మొదట్లో అది ఎలాగో బయటికి పొక్కింది. ఈ మధ్యలో, 2012లో, పాత క్యాట్రిడ్జిని తవ్విచూస్తున్న ఔత్సాహికులకు ఇంకొకటి దొరికింది. స్టాంపర్ అన్నదమ్ములు ఎనభైల్లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కి చేసిన ఆటలు పది, వాటిని ఆడించే ఏర్పాటుతో సహా, గోల్డెన్‌ఐ కోడ్‌లో మూల పడి ఉన్నాయి. ప్రయోగంగా చేసి, తీసేయకుండా తాళం మాత్రం వేసి అమ్మేశారు. 

చివరికి 2023 జనవరి 27న అందరూ ఒప్పుకుని ఆటని మళ్ళీ విడుదల చేశారు, ఒకేరోజు రెండుచోట్ల. ఎక్స్‌బాక్స్‌లో బొమ్మ స్పష్టంగా ఉంటుంది గానీ నలుగురూ ఒకే ఇంట్లో కూర్చుంటేనే కలిసి ఆడగలరు. నింటెండో స్విచ్‌లో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్ మీద ఆడొచ్చు. అయితే అక్కడ నడిచేది 1997 నాటి ఆటే, ఉన్నదున్నట్టుగా. ఒకే బొమ్మని నలుగురికీ పంపిస్తుంది. అందుకే మా బావ బర్మింగ్‌హామ్‌లో, నేను లెస్టర్‌లో ఉండి ఆడినా నా తెర మీద నాలుగు కిటికీలూ కనిపిస్తాయి. వాడు ఇప్పటికీ నేలవంక చూస్తూనే నడుస్తున్నాడు.